పెట్టె ఎవరిది? ఉపగ్రహ టీవీ రిసీవర్: కొనుగోలు నుంచి లీజు వరకు

మీ ఇంట్లోని సెట్ టాప్ బాక్స్ మీ సొంతమా, అద్దెదా? ఈ ప్రశ్నకూ ఒక చరిత్ర ఉంది. అమెరికా అనుభవం ద్వారా దాన్ని పరిశీలిద్దాం.

ఉపగ్రహ ప్రసారాలను స్వీకరించడానికి మాత్రమే ఉపయోగపడే డిష్‌లకు లైసెన్సు తప్పనిసరి కాదని 1979లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ నిర్ణయించింది. దాంతో, కేబుల్ అందని గ్రామీణ కుటుంబాలు పెరట్లో పెద్ద డిష్‌లు పెట్టుకున్నాయి. పరికరమంతా వారి సొంతమే. 1986 జనవరిలో హెచ్‌బీవో తన ప్రసారాలను స్క్రాంబుల్ చేయడంతో డీకోడర్ కొనాల్సి వచ్చింది, నెలవారీ చందా కట్టాల్సి వచ్చింది. 1994లో డైరెక్‌టీవీ చిన్న డిష్‌తో ప్రవేశించినప్పుడు కూడా ప్రేక్షకులు సుమారు 700 డాలర్లకు పరికరాన్ని కొనుక్కున్నారు.

2006 మార్చిలో పరిస్థితి మారింది. ఆ సంస్థ రిసీవర్లను లీజుకు ఇవ్వసాగింది. వినియోగదారుకు తొలి ఖర్చు తగ్గింది. అయితే సేవ మానుకుంటే పెట్టెను తిరిగి ఇవ్వాలి. సంస్థ దాన్ని బాగుచేసి మరొకరికి ఇవ్వగలదు.

ఇక్కడే అసలు సమస్య ఉంది. అద్దె ఇంటి కప్పు కారితే బాగుచేయించాల్సింది ఇంటి యజమాని. పెట్టె విషయంలో మాత్రం 'రక్షణ పథకం' పేరుతో చందాదారు నుంచే మరో నెలసరి రుసుము వసూలైంది. అంటే హక్కు సంస్థకు మిగిలింది, మరమ్మతు భారంలో కొంత వినియోగదారుపై పడింది.

మన దేశంలో ట్రాయ్ 2007 నిబంధనలు డీటీహెచ్ పరికరాన్ని నేరుగా కొనడం, వాయిదాలపై కొనడం, అద్దెకు తీసుకోవడం అనే మూడు మార్గాలను వినియోగదారుకు కల్పించాయి. మీ రసీదు తీసి చూడండి. మీది ఏ మార్గం? పెట్టె చెడిపోతే ఖర్చు ఎవరిది?