లేనివారిపై వేసే రుసుము

ముంబయి సహకార గృహ సంఘాల్లో ఫ్లాటును అద్దెకిచ్చిన సభ్యుడిపై అదనపు రుసుము వేయడం పాత ఆనవాయితీ. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తేది ఎక్కువగా అక్కడ కాపురముండేవారు. చెల్లించాల్సింది అక్కడ లేనివారు. అడ్డు చెప్పేవారెవరు? 2001 ఆగస్టు 1న మహారాష్ట్ర ప్రభుత్వం, 1960 నాటి సహకార సంఘాల చట్టంలోని 79ఎ సెక్షన్ కింద, ఆ రుసుము సేవా ఛార్జీల్లో 10 శాతం మించరాదని ఆదేశించింది. కాపలాదారు జీతం వంటివి ఆ ఛార్జీల్లోకి వస్తాయి. పురపాలక పన్నులు రావు. మాంట్ బ్లాంక్ అనే సంఘం కోర్టుకెక్కింది. 2007లో బొంబాయి హైకోర్టు ప్రభుత్వ ఆదేశాన్నే సమర్థించింది. సబబైన తీర్పే. సహకార స్వయంప్రతిపత్తి అంటే లేనివాడి జేబుపై హక్కు కాదు కదా!

అందరూ కట్టే నెలవారీ నిర్వహణ ఛార్జీలకు మాత్రం అక్కడ ఇలాంటి శాతం పరిమితి లేదు. పెంపు సర్వసభ్య సమావేశం ఇష్టం. ఆ భారం ఓటేసినవారిపైనా పడుతుంది కనుక కాబోలు, ప్రభుత్వం దాని జోలికి పోలేదు.