కట్టని పట్టుచీర
చెన్నై సెంట్రల్లో రైలు దిగినప్పుడల్లా ఆ పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు కేసి ఓసారి చూస్తాను. 1883లో మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి శంకుస్థాపన చేసిన కట్టడం మరి! రఘుపతి వెంకయ్యగారు తొలిరోజుల్లో బొమ్మలు ఆడించిందీ అక్కడే. అలాంటి హాలు ఏళ్ల తరబడి తాళం వేసుకుని కూర్చుంది.

కట్టకుండా దాచిన పట్టుచీర మడతల దగ్గరే చిరుగుతుందని మనకు తెలీదూ? భవనాలూ అంతే. 2023లో కార్పొరేషన్‌వారు మరమ్మతులు మొదలుపెట్టారు. పాతకాలపు సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాదు. సున్నానికి సున్నమే మందు.

అయితే గోడలు బాగుపడితే చాలునా? మా అత్తగారిలా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మేడ ఎక్కగలగాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లుండాలి. ఆ రాయి వేసింది పదిమంది కోసమే కదా!