మద్యం ధరల నియంత్రణ: బ్రిటన్ చరిత్ర

తాగే చోట అమ్మే మద్యం ధరను ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతికి బ్రిటన్‌లో దాదాపు 750 ఏళ్ల చరిత్ర ఉంది. 13వ శతాబ్దం నుంచి 1921దాకా చట్టం ధర నిర్ణయించినప్పుడల్లా అది గరిష్ఠ ధరే. అమ్మేవాడు తాగేవాణ్ని దోచుకోకూడదన్నది దాని ఉద్దేశం. 2018 నుంచి స్కాట్లండ్‌లో అమలవుతున్నది కనీస ధర. మందు మరీ చవకై తాగేవాడి ప్రాణం తీయకూడదన్నది దీని ఉద్దేశం. ఈ రెండూ ఎదురెదురు దారులే అయినా పాలకులకు ప్రతిసారీ ఎదురైన చిక్కు ఒక్కటే. ధరను దేనికి ముడిపెట్టాలి? గింజల రేటుకా, కుండ కొలతకా, సరుకు గాఢతకా? వదిలేసిన వైపు నుంచి సరుకు పలచబడడమో, కొలత తగ్గడమో ప్రతి కాలంలోనూ జరిగింది.

గింజలతో ముడి

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఏల్ విలాసం కాదు, రోజువారీ ఆహారం. యవలను మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి పట్టి, వేడినీళ్లలో నానవేసి పులియబెట్టేవారు. హాప్ పూలు వాడేవారు కాదు కనుక కొద్ది రోజుల్లోనే పులిసి పాడయ్యేది. అందువల్ల ఒకేసారి ఎక్కువగా కాచి నిల్వ పెట్టే వీలు లేదు. ఊరూరా ఇళ్లలోనే కాచి, ఇంటికి సరిపోగా మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవారు. కాచేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చెడ్డ ఏల్ కాచి అమ్మితే శిక్ష వేయడం అంతకుముందే ఉంది. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథం ప్రకారం చెస్టర్ పట్టణంలో ఆ తప్పు చేసినవాళ్లను పెంటకుర్చీలో కూర్చోబెట్టేవారు, లేదా 4 షిల్లింగుల జరిమానా వేసేవారు.

ధరకు సంబంధించి దేశమంతటికీ వర్తించిన తొలి శాసనం మూడో హెన్రీ రాజు కాలం నాటి 'రొట్టె, ఏల్ నిర్ణయ శాసనం'. దీన్ని సాధారణంగా 1266-67 నాటిదిగా చెబుతారు. ఇందులోని తెలివి ఏమిటంటే, ఏల్‌కు ఒక శాశ్వత ధర నిర్ణయించలేదు. పెన్నీ నాణెం కదలదు, దానికి వచ్చే ఏల్ కొలత మాత్రం గింజల రేటును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. క్వార్టర్ (ఆనాటి ధాన్యం కొలత) గోధుమలు 3 షిల్లింగులు మొదలు 3 షిల్లింగుల 4 పెన్సులదాకా, యవలు 20 పెన్సులు మొదలు 2 షిల్లింగులదాకా, ఓట్లు 16 పెన్సులు పలికేటప్పుడు పట్టణాల్లో పెన్నీకి రెండు గ్యాలన్లు, పట్టణం బయట మూడు నాలుగు గ్యాలన్లు అమ్మాలని శాసనం చెప్పింది. పంట పోతే కాచేవాళ్లు నష్టపోరు, పంట పండితే తాగేవాళ్లకు లాభం అందుతుంది. ఆ తరువాత వచ్చిన చాలా చట్టాలకంటే ఇది ఆలోచించి చేసిన ఏర్పాటు.

అమలు బాధ్యత ఊరి మీదే పడింది. ప్రతి ఊరూ ఒకరినో ఇద్దరినో ఏల్ రుచి చూసే అధికారులుగా ఎన్నుకునేది. కొత్త ఏల్ సిద్ధమైతే కాచినావిడ ఇంటి ముందు పొడవాటి కర్ర నిలిపి, దాని కొసకు ఆకుల కొమ్మ కట్టేది. అది చూసి అధికారి వచ్చి గుక్కెడు తాగి, బాగుందో లేదో, ధర ఎంతో చెప్పేవాడు. అమ్మే కుండల మీద అధికార ముద్ర ఉందో లేదో చూసేవాడు. గ్యాలన్, అరగ్యాలన్, క్వార్టు (పావుగ్యాలన్) కుండలు ముద్రతోనే ఉండాలి. అధికారి రాకముందే అమ్మడం, ముద్ర లేని కప్పులతో కొలవడం, రేటు పెంచడం నేరాలు. నాటక రచయిత షేక్‌స్పియర్ తండ్రి జాన్ షేక్‌స్పియర్ 1550ల్లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఈ పదవి చేశాడు.

శాసనం ప్రకారం పదేపదే తప్పు చేసిన కాచేవాళ్లను నలుగురిలో అవమానించాలి. ఆచరణలో మాత్రం భూస్వామి కచేరీలో చిన్న జరిమానాలతో సరిపోయేది. కచేరీ దస్తావేజుల్లో అవే పేర్లు, అవే కొద్ది పెన్నీల జరిమానాలు ఏటేటా కనబడతాయి. అంటే తప్పుకు శిక్షగా మొదలైనది అమ్ముకోవడానికి కట్టే రుసుముగా మారింది. భూస్వామికి రాబడి, ఊరికి ఏల్ దొరికాయి. ఈ జరిమానా భారం చాలావరకు మోసింది పేద ఆడవాళ్లు. చరిత్రకారిణి జూడిత్ బెనెట్ 1996లో ప్రచురించిన అధ్యయనం ఈ కచేరీ లెక్కల ఆధారంగానే ఆ స్త్రీల వృత్తి చరిత్రను బయటికి తెచ్చింది. 1400 ప్రాంతంలో నెదర్లండ్స్ వైపు నుంచి హాప్ పూలు వేసిన బీరు వచ్చింది. అది నిల్వ ఉండేది, దూరం రవాణా చేయగలిగేది. దాంతో పెట్టుబడి, పెద్ద కాగులు, పనివాళ్లు అవసరమై ఈ వృత్తి క్రమంగా మగవాళ్ల చేతుల్లోకి వెళ్లింది.

పెన్నీకి క్వార్టు

1552లో ప్రభుత్వం మరో దారి పట్టింది. ఇద్దరు న్యాయాధికారుల లైసెన్సు లేకుండా ఏల్ దుకాణం నడపకూడదని చట్టం చేసింది. ధరలతో పాటు దుకాణాల సంఖ్యను కూడా అదుపులో పెట్టడం ఇక్కడ మొదలవుతుంది. దిగుమతి వైన్‌కు వేరే చట్టాలుండేవి. 1536 చట్టం ఫ్రెంచి వైన్ గ్యాలన్ 8 పెన్సులు దాటకూడదంది. 1553 చట్టం లండన్‌లో వైన్ దుకాణాలు నలభైకి మించకూడదంది. తాగేవాళ్లు ఎవరన్న తేడా ఇక్కడ కనబడుతుంది. వైన్ ధనికులది, ఏల్ అందరిదీ.

మొదటి జేమ్స్ రాజ్యానికి వచ్చిన కొత్తలో, 1604లో చేసిన చట్టం పెన్నీకి మేలు రకం ఏల్ లేదా బీరు నిండు క్వార్టు, పలచటిదైతే రెండు క్వార్టులు ఇవ్వాలని నిర్దేశించింది. తక్కువ పోస్తే 20 షిల్లింగుల జరిమానా. పాత శాసనం ధరను గింజలతో ముడివేసింది. కొత్త చట్టంలో గింజల ఊసే లేదు. అప్పటికి ఇంగ్లండ్‌లో ధాన్యం ధరలు కొన్ని తరాలుగా పెరుగుతూనే ఉన్నాయి. కొలత కదలకుండా ధర కదలకుండా పట్టి ఉంచితే కాచేవాడికి మిగిలిన దారి ఒక్కటే, నీళ్లు కలపడం. బీరులో ఎంత యవ పడిందో తేల్చే సాధనం ఏ న్యాయాధికారి దగ్గరా లేదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే తొందరపాటు చట్టం ఇదే.

18వ శతాబ్దంలో శాసనం కంటే పన్ను, అలవాటు బలమైనవయ్యాయి. లండన్‌లో కూలీలు తాగే పోర్టర్ బీరు క్వార్టు 3 పెన్సులకు దశాబ్దాలపాటు నిలిచి, 1761లో పన్ను పెరిగాక మూడున్నర పెన్సులైంది. ఆ మార్పుపై జనం తీవ్రంగా కోపగించారు. 1830లో బీరు మీద పన్ను తీసేశారు. అదే ఏడాది బీరు దుకాణాల చట్టం 2 గినీల లైసెన్సుతో ఎవరైనా బీరు అమ్ముకోవచ్చంది. పోటీ పెరిగితే ధర తగ్గుతుందన్న నమ్మకం దాని వెనుక ఉంది.

యుద్ధం, పబ్లిక్ బార్

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ధరల నియంత్రణను తిరిగి పబ్బులోకి తెచ్చింది. యుద్ధానికి ముందు బీరు మీద పన్ను బ్యారెల్‌కు 7 షిల్లింగుల 9 పెన్సులు. 1914 నవంబర్‌లో 23 షిల్లింగులకు పెరిగింది. 1915లో లార్డ్ డాబర్నన్ అధ్యక్షతన కేంద్ర మద్య నియంత్రణ బోర్డు ఏర్పడి పబ్బుల వేళలు కుదించింది, ఒకరి మందుకు మరొకరు డబ్బు కట్టడాన్ని కొన్ని ప్రాంతాల్లో నిషేధించింది. గ్రెట్నా మందుగుండు కర్మాగారం ఉన్న కార్లైల్ ప్రాంతంలో 1916 నుంచి ప్రభుత్వమే బీరు కాచి, పబ్బులు నడిపింది. ఆ ఏర్పాటు 1970ల మొదటిదాకా సాగింది.

1917 నాటికి జలాంతర్గాముల దాడులతో ధాన్యం ఓడలు మునుగుతున్నాయి. యవలు రొట్టెకు కావాలి. ఏడాదికి కాచే బీరును కోటి 'ప్రామాణిక' బ్యారెళ్లకు ప్రభుత్వం పరిమితం చేసింది. ప్రామాణిక బ్యారెల్ అంటే 1055 సాంద్రత గల బీరు, 36 గ్యాలన్లు. నీటి సాంద్రతను 1000గా తీసుకుంటే, పులియకముందు ద్రావణంలో ఎంత చక్కెర ఉందో ఈ అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే బీరు గట్టిది. పలచగా కాస్తే అదే కోటాలో ఎక్కువ బ్యారెళ్లు తీయవచ్చు. సరుకు తగ్గి, గిరాకీ తగ్గక, పైంటు ధర కూలీలకు అందనంత ఎత్తుకు పోయింది. ఆ ఏడాది వేసవిలో కార్మికుల అశాంతిపై విచారణ జరిపిన కమిషన్‌కు కొన్ని ప్రాంతాల నుంచి వచ్చిన నివేదికలు బీరు కొరతనూ ధరనూ అసంతృప్తికి కారణాలుగా పేర్కొన్నాయి. పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడి వచ్చినవాడికి ఒక గ్లాసు అందకపోవడం చిన్న విషయం కాదని ప్రభుత్వానికి అర్థమైంది.

1917 అక్టోబర్‌లో ఆహార శాఖ ధరల ఉత్తర్వు ఇచ్చింది. 1036కు లోపు సాంద్రత గల బీరు పైంటు 4 పెన్సులు, 1036 నుంచి 1042 లోపుదైతే 5 పెన్సులు మించరాదు. ఈ ధరలు పబ్లిక్ బార్‌కే. అప్పటి పబ్బుల్లో చెక్క తెరలతో వేరు చేసిన గదులుండేవి. చెక్క బెంచీలు, మట్టి బూట్లతో వచ్చే కూలీలు ఉండేది పబ్లిక్ బార్. తివాచీలు, మెత్తని కుర్చీలతో గుమాస్తాలూ వర్తకులూ కూర్చునేది సెలూన్ బార్. ఒకే పీపాలోంచి తీసిన బీరైనా సెలూన్‌లో ఎక్కువ వసూలు చేయవచ్చు. కొనగలిగేవాళ్లను మార్కెట్‌కు వదిలి, కొనలేనివాళ్లు నిలబడే గదికి మాత్రమే చట్టం కాపు కాసింది. ధరను కొలిచి తేల్చిన బీరు గాఢతకు ముడిపెట్టింది కూడా ఈ ఉత్తర్వే. అందువల్ల 1604 చట్టం చేసిన తప్పు ఇక్కడ జరగలేదు.

అయినా బీరు పలచబడుతూనే వచ్చింది, ఎందుకంటే అసలు ఇబ్బంది ధాన్యంలో ఉంది. 1918 ఏప్రిల్‌లో 4 పెన్సుల హద్దు 1030కి, 5 పెన్సుల హద్దు 1034కి దిగింది. అంటే తాగేవాడు అదే 4 పెన్సులు ఇస్తున్నాడు, గ్లాసులోకి వస్తున్నది మాత్రం ముందుకంటే పలచని బీరు. 1914లో సగటు సాంద్రత 1052 ఉండగా యుద్ధం చివరికి 1030 ప్రాంతానికి పడిపోయింది. జనం దాన్ని 'సర్కారు ఏల్' అన్నారు. యుద్ధం ముగిశాక ఉత్తర్వుల్లో మెట్లు పెరిగాయి, పన్ను 1920లో బ్యారెల్‌కు 100 షిల్లింగులకు చేరింది. 1921లో ధరల నియంత్రణ ఎత్తేశారు. బీరు గాఢత మాత్రం యుద్ధానికి ముందు స్థాయికి మళ్లీ చేరలేదు.

తరువాతి అర్ధ శతాబ్దంలో బీరు ధరలపై ప్రభుత్వ విచారణలు జరిగాయి. ధరలు, ఆదాయాల జాతీయ బోర్డు 1966లో, ధరల కమిషన్ 1977లో బీరు ధరలపై నివేదికలిచ్చాయి.

కనీస ధర

20వ శతాబ్దం చివరికి సమస్య తలకిందులైంది. సూపర్ మార్కెట్లు జనాన్ని రప్పించుకోవడానికి మద్యాన్ని పారబోసినంత చవకగా అమ్మసాగాయి. స్కాట్లండ్‌లో మద్యం మరణాలు భయపెట్టే స్థాయికి చేరాయి. స్కాటిష్ పార్లమెంటు 2012 మేలో కనీస ధర చట్టం ఆమోదించింది. స్కాచ్ విస్కీ అసోసియేషన్ దాన్ని కోర్టుల్లో సవాలు చేయగా, వ్యాజ్యం ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లి, 2017 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టులో చట్టానికి అనుకూలంగా ముగిసింది. 2018 మే 1 నుంచి అమలైంది.

ఇందులో ముడి సూటిగా ఆల్కహాలుకే. 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు ఒక యూనిట్. యూనిట్‌కు 50 పెన్సుల కంటే తక్కువకు అమ్మకూడదన్నది 2018లో పెట్టిన హద్దు. 7.5 శాతం గాఢత గల మూడు లీటర్ల సైడర్ (ఆపిల్ మద్యం) సీసాలో 22.5 యూనిట్లున్నాయి. అంతకుముందు 5 పౌండ్లలోపే దొరికిన ఆ సీసా ఒక్కరోజులో 11 పౌండ్ల 25 పెన్సులైంది. 40 శాతం విస్కీ 700 మిల్లీలీటర్ల సీసాకు కనీస ధర 14 పౌండ్లైంది. పబ్బుకూ ఇదే చట్టం వర్తిస్తుంది గానీ, 4 శాతం బీరు పైంటుకు అప్పటి లెక్క 1 పౌండు 14 పెన్సులే వచ్చింది. పబ్బుల్లో ధర అప్పటికే దానికి రెండు మూడు రెట్లు. అంటే చట్టం మార్చింది పబ్ ధరను కాదు, పబ్బుకూ సూపర్ మార్కెట్‌కూ మధ్య ఉన్న అగాధాన్ని.

2023 జూన్‌లో పబ్లిక్ హెల్త్ స్కాట్లండ్ ఇచ్చిన మూల్యాంకన నివేదిక ప్రకారం, ఈ చట్టం లేకుంటే జరిగేవాటికంటే మద్యం వల్ల మరణాలు 13.4 శాతం, అమ్మకాలు 3 శాతం తగ్గాయి. అలాగని సమస్య తీరలేదు. 2023లో స్కాట్లండ్‌లో మద్యం కారణంగా 1,277 మంది చనిపోయారు. తాగుడుకు బానిసైనవాళ్లలో కొందరు మందు మానకుండా తిండి ఖర్చు తగ్గించుకున్నారని కూడా అధ్యయనాలు గుర్తించాయి. కనీస ధర వల్ల పెరిగిన సొమ్ము పన్నులాగా ఖజానాకు వెళ్లదు, చాలావరకు అమ్మినవాడికే మిగులుతుంది. ఆ సొమ్ములో కొంతైనా చికిత్స కేంద్రాలకు చేరకపోతే ఈ విధానం సగంలో ఆగినట్టేనన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వేల్స్ 2020 మార్చిలో అదే 50 పెన్సుల ధర తెచ్చింది. ఐర్లండ్ 2022 జనవరి నుంచి 10 గ్రాముల ఆల్కహాలుకు ఒక యూరో కనీస ధర పెట్టింది. ఇంగ్లండ్ విషయంలో బ్రిటన్ ప్రభుత్వం 2012లో 45 పెన్సుల ప్రతిపాదన చేసి, మరుసటి ఏడాది వదులుకుంది. 2014 నుంచి పన్నుల మొత్తానికి తక్కువగా అమ్మడాన్ని మాత్రం నిషేధించింది.

స్కాట్లండ్ చట్టానికి ఆరేళ్ల గడువుండేది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు దాన్ని కొనసాగించడానికి ఓటేసింది. ఆ ఆరేళ్లలో మిగతా ధరలన్నీ పెరగ్గా 50 పెన్సుల విలువ కరిగిపోయింది, ఎందుకంటే 13వ శతాబ్దపు శాసనంలో గింజల రేటుతో పాటు కదిలే ఏర్పాటు ఉన్నట్టు ఇందులో ఏదీ లేదు. 2024 సెప్టెంబర్ 30 నుంచి యూనిట్ ధరను 65 పెన్సులు చేశారు. విస్కీ సీసా కనీస ధర 18 పౌండ్ల 20 పెన్సులైంది.