చోటు లేక పోయినవి, తీరిక లేక మిగిలినవి

ఇంగ్లండులోని స్విండన్‌లో, ఒకప్పటి గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపులోనే పెట్టిన మ్యూజియంలో ఒక జత చక్రాలున్నాయి. ఒక్కో చక్రం 8 అడుగుల ఎత్తు. ఆరడుగుల మనిషి పక్కన నిలబడి చెయ్యి పైకి చాపితే దాని అంచు వేళ్లకు అందీ అందనట్టుంటుంది. ఆ చక్రాల మీద ఉండాల్సిన ఇంజను మాత్రం లేదు.

ఆ ఇంజను పేరు లార్డ్ ఆఫ్ ది ఐల్స్. 1851లో లండన్ మహా ప్రదర్శనలో నిలబెట్టి ప్రపంచానికి చూపించుకున్న ఇంజను. ముప్పై ఏళ్లకు పైగా, దాదాపు ఎనిమిది లక్షల మైళ్లు పరిగెత్తింది. 1884లో పని మాన్పించాక కూడా దాన్ని తుక్కుకు వెయ్యలేదు. అపురూపంగా దాచారు. 1893లో షికాగో ప్రదర్శనకు సముద్రం దాటించి తీసుకెళ్లి, మళ్లీ జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నారు. అంతా చేసి 1906లో ముక్కలు చేశారు. కారణం? వర్క్‌షాపులో చోటు చాలడం లేదట!

ఆవిరి ఇంజన్ల మీద మమకారం ఉన్నవాళ్లు నలుగురు చేరితే ‘అది ఒక్కటి మిగిలి ఉంటే’ అన్న మాట రాకుండా పోదు. ఒక్కొక్కరిది ఒక్కో జాబితా. నా జాబితాలో మొదటి పేరు మాత్రం లార్డ్ ఆఫ్ ది ఐల్స్ కాదు, దానితోపాటు అదే ఏడాది అక్కడే నరికేసిన ఇంకో ఇంజనుది. అది నార్త్ స్టార్.

మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు. దాన్నే మనం వెడల్పు అనుకుంటాం. బ్రూనెల్ అనే ఇంజినీరు గ్రేట్ వెస్టర్న్‌కు ఎంచుకున్న వెడల్పు 7 అడుగుల పైన పావు అంగుళం. నార్త్ స్టార్‌ను రాబర్ట్ స్టీఫెన్సన్ కంపెనీ కట్టింది మాత్రం ఈ లైను కోసం కాదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ రైల్వే కోసం, అదీ సరిగ్గా 5 అడుగుల 6 అంగుళాల గేజికి. ఆ బేరం చెడింది. అప్పుడు గ్రేట్ వెస్టర్న్ వాళ్లు దాన్ని కొని, తమ గేజికి వెడల్పు చేయించుకున్నారు. ఆ లైను మీద 1838 మే 31న కంపెనీ డైరెక్టర్లను ఎక్కించుకుని వెళ్లిన తొలి రైలును లాగింది అదే.

అప్పట్లో ఇంజన్ల బాధ్యత డేనియల్ గూచ్‌ది. ఆ ఉద్యోగంలో చేరేనాటికి ఆయనకు ఇరవయ్యొకటో ఏడు కూడా నిండలేదు. బ్రూనెల్ ముందే ఆర్డరిచ్చి తెప్పించిన ఇంజన్లలో చాలావాటితో ఆ కుర్రాడు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నమ్మి బండి తగిలించదగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో నార్త్ స్టార్ ఒకటి. తర్వాత గూచ్ తనే ఇంజన్లు గీసినప్పుడు దాన్నే నమూనాగా పెట్టుకున్నాడు. ఇంటికి పెద్ద కొడుకు లాంటి ఇంజను. 1871లో పని మానింది, స్విండన్‌లోనే ఒక మూల ఉంది. 1892 మే నెలలో వేల మంది కూలీలు రెండు రోజుల్లో ఎక్సెటర్‌కు పడమటి వైపు మిగిలిన పట్టాలన్నీ దగ్గరకు జరిపి ఏడడుగుల గేజికి నూరేళ్లు నింపేశారు. పనిలేకుండా పోయిన ఇంజన్లు స్విండన్ సైడింగుల్లో బారులు తీరి నరికేవాళ్ల కోసం ఎదురుచూశాయి. ఆ ఊచకోతను కూడా దాటి వచ్చిన జంట, నార్త్ స్టార్, లార్డ్ ఆఫ్ ది ఐల్స్. మరో పద్నాలుగేళ్లకు వాటి వంతూ వచ్చింది.

నరకమని చెప్పినవాడు అర్భకుడైతే కథ వేరుగా ఉండేది. జార్జ్ జాక్సన్ చర్చ్‌వర్డ్ ఆ తరం బ్రిటన్‌లో ఇంజన్లు కట్టినవాళ్లందరిలో గొప్పవాడని నా లెక్క. చాలామంది లెక్క కూడా అదే. బాయిలర్‌ను ముందుకు వచ్చేకొద్దీ సన్నం చేయడం, వాల్వులకు ఎక్కువ కదలిక ఇచ్చి ఆవిరిని పొదుపుగా వాడటం, ఇలా ఆయన స్థిరపరిచిన పద్ధతులు తర్వాతి యాభై ఏళ్ల ఇంజన్లలో కనిపిస్తాయి. పైగా ఆయన పని నేర్చుకున్నది న్యూటన్ ఆబట్‌లో, ఏడడుగుల గేజి మీద నడిచే సౌత్ డెవన్ రైల్వే వర్క్‌షాపులో. అంటే ఆ ఇంజన్ల విలువ తెలియనివాడు కాదు. వర్క్‌షాపు అంటే పని జరిగే చోటు, దేవుడి గది కాదు అనుకుని ఉంటాడు. పనిమంతులకు పాత సామాను మీద ప్రేమ తక్కువ. మన ఇళ్లలో కూడా అటకెక్కిన రాగి గంగాళాన్ని అమ్మేసేది ఎక్కువసార్లు ఇంట్లో అందరికన్నా చురుకైనవాళ్లే.

ఆ న్యూటన్ ఆబట్‌లోనే ఇంకో ఇంజను ఉండేది. పేరు టైనీ, అంటే చిట్టిది. నాలుగు చక్రాలు, కుండలా నిలువుగా ఉండే బాయిలర్. 1868లో కట్టారు. 1883లో రైలు పని నుంచి తప్పించి, వర్క్‌షాపులో ఒకచోట కదలకుండా బిగించి పంపు నడపడానికి పెట్టారు. ప్రదర్శనలకు వెళ్లలేదు, దాన్ని దాచాలని ఎవరూ అనుకోలేదు. నీళ్లు తోడుతూ ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. 1927 దాకా అలాగే గడిచింది. అప్పటికి గానీ తెలిసి రాలేదు, బ్రిటన్‌లో ఏడడుగుల గేజి ఇంజన్లలో అసలుది అంటూ మిగిలింది ఇదొక్కటేనని. అప్పుడు తీసుకొచ్చి స్టేషను ప్లాట్‌ఫాం మీద నిలబెట్టారు. ఇప్పుడు బక్‌ఫాస్ట్‌లీలోని మ్యూజియంలో ఉంది.

ఇక నార్త్ స్టార్. 1925లో బ్రిటన్ రైళ్లకు నూరేళ్ల పండగ వచ్చింది. ఊరేగింపుకు పెద్ద కొడుకు కావాలి. పంతొమ్మిదేళ్ల కిందట నరికిన అదే స్విండన్‌లో మళ్లీ నార్త్ స్టార్‌ను తయారుచేశారు. దొరికిన అసలు ముక్కలు కొన్ని చేర్చి, మిగతాది కొత్తగా కట్టిన బొమ్మ ఇంజను అది. ఆవిరితో నడవదు. పోగొట్టుకున్న నగకు గిల్టు నగ చేయించుకున్నట్టు.

వాటిని నరికించిన చర్చ్‌వర్డ్ సొంత ఇంజన్లకు ఏం జరిగిందో చూడండి. 1908లో ఆయన గ్రేట్ బేర్ కట్టాడు. పసిఫిక్ అనే పెద్ద రకం ఇంజను బ్రిటన్‌లో అదే మొదటిది. దాని బరువుకు తగిన లైను లండన్‌లోని పాడింగ్టన్ నుంచి బ్రిస్టల్ దాకా తప్ప ఇంకోటి లేదు. 1924లో దాన్ని విప్పి, చిన్న ఇంజనుగా మార్చి, పేరు కూడా మార్చేశారు. ఆయనకు పేరు తెచ్చిన సెయింట్ రకంలో 77 ఇంజన్లుండేవి. ఆఖరిది సెయింట్ డేవిడ్, 1953లో పని మాని తుక్కుకు పోయింది. ఒక్కటీ మిగల్లేదు.

దాచుకున్న చోట పోయాయి సరే, అసలు నరకడానికే తీసుకెళ్లిన చోట ఏం జరిగిందో చెప్పాలి.

దక్షిణ వేల్స్‌లో సముద్రం ఒడ్డున బారీ అనే రేవు ఉంది. అక్కడ డై వుడ్‌హామ్ అనే తుక్కు వ్యాపారి 1959 నుంచి బ్రిటిష్ రైల్వేస్ వదిలించుకుంటున్న ఆవిరి ఇంజన్లను కొనడం మొదలుపెట్టాడు. మొత్తం 297 కొన్నాడు. అదే సమయంలో రైల్వే వాళ్లు పాత గూడ్సు వ్యాగన్లు కూడా వేలకు వేలు అమ్మేస్తున్నారు. వ్యాగన్ నరకడం తేలిక, డబ్బు త్వరగా చేతికొస్తుంది. ఇంజను అంటే రాగి వేరు, ఇత్తడి వేరు, మందపాటి ఉక్కు వేరు, వారాల పని. వ్యాగన్లు లేని రోజు చూద్దాంలే అని ఇంజన్లను సైడింగుల్లో వరసగా నిలబెట్టాడు. వ్యాగన్లు లేని రోజులు ఎక్కువ రాలేదు. ఉప్పుగాలికి ఇంజన్లకు తుప్పు పట్టింది, వాటి మధ్య తుప్పలు మొలిచాయి, ఆదివారాలు కుర్రాళ్లు వచ్చి ఎక్కి ఆడుకున్నారు. 1968 ఆగస్టులో బ్రిటన్ మెయిన్ లైన్ల మీద ఆవిరి రైళ్లు ఆగిపోయాయి. సరిగ్గా మరుసటి నెలలో బారీ యార్డు నుంచి మొదటి ఇంజను తుక్కుగా కాక ఇంజనుగా బయటికి వచ్చింది. ఆఖరిది 1990లో వచ్చింది. మొత్తం 213. వుడ్‌హామ్‌కు ఇంజన్ల మీద ప్రత్యేకమైన భక్తి ఏమీ లేదు. కానీ చందాలు వేసుకుని వచ్చిన సంఘాలకు డబ్బు కూడే దాకా గడువిచ్చాడు. అది చిన్న విషయం కాదు.

ఆ 213లో ఒకదాని కథ విడిగా చెప్పుకోవాలి. డ్యూక్ ఆఫ్ గ్లౌస్టర్, 1954లో కట్టిన ఇంజను. ఆ రకంలో అదొక్కటే. బొగ్గు విపరీతంగా తింటుంది, కావలసినంత ఆవిరి పుట్టించదు అని డ్రైవర్లలో, ఫైర్‌మన్లలో చెడ్డపేరు. 1962లో కండెం చేశారు. మొదట దీన్ని జాతీయ సేకరణలో ఉంచుదామనుకున్నారు. తర్వాత సిలిండరు ఒక్కటి చాలులే అనుకుని ఒక పక్క సిలిండరు కోసి మ్యూజియంకు ఇచ్చారు. మిగిలిన మొండెం బారీ చేరింది. 1974లో కొంతమంది దాన్ని కొని, లేని సిలిండర్లు కొత్తగా పోతపోయించి, పన్నెండేళ్లు కష్టపడి 1986లో నిప్పు వేశారు. ఆ పనిలో పాత డ్రాయింగులు పక్కన పెట్టుకుని కొలిస్తే అసలు గుట్టు బయటపడింది. నిప్పుకు గాలి అందించే బూడిదపెట్టె తలుపులు డ్రాయింగులో ఉన్నంత పెద్దవిగా కట్టలేదు. పొగగొట్టం కూడా ఉండాల్సిన దానికన్నా చిన్నది. ఊపిరాడని ఇంజను అది. ఆ లోపాలు సరిదిద్దాక, ఒకప్పుడు తిట్టిపోసిన ఇంజనే కొండలెక్కడంలో మేటి అనిపించుకుంది.

ఇంజను మిగలాలని నేను కోరుకునేది ముఖ్యంగా ఇందుకే. గ్రేట్ బేర్ విఫలమైందని పుస్తకాల్లో రాసి ఉంది. అయి ఉండవచ్చు. కానీ మళ్లీ కొలిచి చూడటానికి అది లేదు. డ్యూక్‌కు దొరికిన అప్పీలు దానికి దొరకలేదు.

బారీ కూడా అందరికీ న్యాయం చెయ్యలేదు. ఆ యార్డుకు చేరినవి ఎక్కువగా పడమటి, దక్షిణ ప్రాంతాల ఇంజన్లు. తూర్పు తీరం లైన్లు నడిపిన ఎల్ఎన్ఈఆర్ కంపెనీ ఇంజను అక్కడ నుంచి ఒకే ఒక్కటి బతికి బయటపడింది. అందుకే తూర్పు లైను అభిమానుల ‘ఒక్కటి మిగిలి ఉంటే’ జాబితా పొడవు. అందులో పైన ఉండే పేరు పెప్పర్‌కార్న్ ఏ1. 1948, 49ల్లో 49 కట్టారు. 1966కల్లా అన్నీ పోయాయి. ఆఖరుగా మిగిలిన సెయింట్ ముంగోను దక్కించుకోవాలని ప్రయత్నం జరిగింది గానీ కుదరలేదు. ఇరవై ఏళ్లు కూడా నిండని ఇంజన్లు అవి.

1990లో కొందరు కూడి, లేకపోతే కట్టుకుందాం అన్నారు. వారానికి ఒక గ్లాసు బీరు ఖరీదు ఇవ్వండి చాలని జనాన్ని అడిగారు. బ్రిటన్‌లో అంత పెద్ద బాయిలర్ చేసేవాళ్లు దొరక్క జర్మనీలోని మైనింగెన్‌లో చేయించారు. 2008లో టోర్నడో అనే ఆ కొత్త ఏ1 పట్టాలెక్కింది. దాదాపు 30 లక్షల పౌండ్లు అయ్యాయి. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి గంటకు 100 మైళ్ల వేగం అందుకుంది. నంబరు 60163. పాత ఏ1ల నంబర్లు 60162తో ఆగాయి కాబట్టి ఆ తర్వాతిది.

ఇది పాత ఇంజను బతకడమా, కొత్త ఇంజను పుట్టడమా అని ఇంకా వాదులాడుకుంటారు. నాకైతే ఇక్కడ మా పెదనాన్న గుర్తొస్తాడు. బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేశాడు. రిటైరయ్యాక పెరట్లో నీళ్ల పొయ్యి వెలిగిస్తే, కట్టె ముక్కల్ని వంగి పేర్చేవాడు కాదు. కాస్త దూరంలో నిలబడి మణికట్టు తిప్పి విసిరితే అవి పొయ్యి లోపల ఏ మూల పడాలో ఆ మూలే పడేవి. “ముందు వెనక మూలలు నింపాలిరా అబ్బాయ్, మధ్యలో పోస్తే నిప్పు చస్తుంది,” అనేవాడు. ఆ విసురు ఏ మ్యూజియంలోనూ అద్దాల పెట్టెలో పెట్టలేరు. టోర్నడో మీద ఇవాళ ఎవరో ఒకరు దాన్ని మళ్లీ నేర్చుకోక తప్పదు.

చర్చ్‌వర్డ్ సెయింట్ల కోసం మాత్రం ఇంకో దారి తొక్కారు. 1924లో స్విండన్‌లో సెయింట్ మార్టిన్ అనే ఇంజనుకు పెద్ద చక్రాలు తీసి ఆరడుగుల చక్రాలు తొడిగి, హాల్ అనే కొత్త రకాన్ని పుట్టించారు. ఆ రకంలో పుట్టిన మెయిండీ హాల్ అనే ఇంజను బారీ యార్డులో మిగిలింది. ఇంగ్లండులోని డిడ్‌కాట్‌లో దాన్ని తీసుకుని పాత పనినే తిరగేసి చేశారు. ఆరడుగుల చక్రాలు విప్పి, 6 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాల చక్రాలు కొత్తగా పోతపోయించి బిగించారు. సిలిండర్లు మార్చారు. 2019లో అది లేడీ ఆఫ్ లెజెండ్ పేరుతో నడిచింది. సెయింట్ల నంబర్లు 2998 దగ్గర ఆగాయి. దీని నంబరు 2999. మెయిండీ హాల్ ఇక లేదు.