శ్వేతశబ్దార్థ విచారము

ఒక శబ్దమునకు శాస్త్రమున నొక యర్థమును, లోకవ్యవహారమున వేఱొక యర్థమును ఉండుట పండితు లెఱిఁగినదే. వ్యాఖ్యాత యీ రెండింటిలో దేనినైనను గ్రహింపవచ్చును. కాని యొకచోట శాస్త్రార్థమును, మఱియొకచోట రూఢ్యర్థమును దన యిచ్చకుఁ దగినట్లు గ్రహించినచో నది వ్యాఖ్యానము గాదు, పక్షపాతము. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సంయుక్తరాష్ట్రముల యున్నత న్యాయస్థానము ‘శ్వేతజాతీయుఁడు’ అను మాట కర్థము చెప్పిన విధ మిట్టిది. దాని వెనుక నున్నది శబ్దశాస్త్రము గాదు, భీతి. ఆ భీతి యెట్లు పుట్టెనో మొదటఁ జూతము.

1918 నవంబరు 11వ తేదీన యుద్ధము ముగిసెను. అంతకు ముందటి యేఁటనే రష్యాలో బోల్షెవిక్కులు రాజ్యాధికారమును గైకొనిరి. 1919 ఫిబ్రవరిలో సియాటిల్ నగరమున సుమారు 60,000 మంది కార్మికులు సమ్మె చేసిరి. సెప్టెంబరులో బోస్టను నగర రక్షకభటులును, ఉక్కు కర్మాగారముల పనివారును సమ్మెకు దిగిరి. జూను 2వ తేదీ రాత్రి పలు నగరములలో బాంబులు ప్రేలెను. అందొకటి వాషింగ్టనులో అటార్నీ జనరల్ పామర్ గృహద్వారముననే ప్రేలెను. బాంబులు పెట్టినవారు కొలఁదిమంది. అనుమానము మాత్రము వలసవచ్చినవారందఱి మీఁదను బడెను. డిసెంబరు 21వ తేదీన ఎమ్మా గోల్డ్‌మన్ మొదలగు 249 మందిని ‘బుఫర్డు’ అను నోడ నెక్కించి దేశమునుండి వెడలఁగొట్టిరి. 1920 జనవరి 2వ తేదీన ముప్పదికి మించిన నగరములలో దాడులు సలిపి వేలకొలఁది జనులను బంధించిరి. మే 1వ తేదీన విప్లవము రానున్నదని పామర్ హెచ్చరించెను. ఆ దినము ప్రశాంతముగాఁ గడచెను. కార్మికశాఖ సహాయ కార్యదర్శి లూయీ పోస్టు బంధనపత్రములను బరిశీలించి, సాక్ష్యము చాలనివానిఁ బెక్కింటిని రద్దుచేసెను. భీతికాలమునను న్యాయబుద్ధి పూర్తిగా నశింపలేదనుట కిది నిదర్శనము.

ఈ భీతి నల్లజాతివారి పట్ల మఱింత క్రూరముగా వర్తించెను. 1919 జూలైలో చికాగో నగరమున సరస్సులో నీఁదుచున్న నల్లజాతి బాలుఁడొకఁడు తెల్లవారు తమదిగా నెంచుకొన్న తీరమువైపునకుఁ బోఁగా, వారు రువ్విన ఱాళ్లవలన మునిఁగి మరణించెను. పిమ్మట జరిగిన కలహమున 38 మంది మృతులైరి. వారిలో 23 మంది నల్లవారు. ఆ శరత్కాలమున అర్కన్సాసు రాష్ట్రమందలి ఎలేన్ ప్రాంతమునఁ బ్రత్తి పండించు నల్లజాతి పాలికాపులు తమ పంటకు న్యాయమైన వెల గోరి సంఘముగా నేర్పడిరి. దానికి ‘తిరుగుబాటు’ అని పేరిడి పెక్కుమందిని జంపిరి. తుదకు మరణదండన విధింపఁబడినదియు నల్లవారు 12 మందికే. వెల యడుగుటయే తిరుగుబాటైనపుడు తక్కిన పదముల యర్థము మాఱుటలో వింత యేమున్నది?

1790 నాఁటి చట్టము ప్రకారము వలసవచ్చినవారిలో స్వతంత్రులగు శ్వేతజాతీయులకే పౌరత్వము లభించును. 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కు గల్గెను. తకావో ఒజావా అను జపానీయుఁడు ఇరువది యేండ్లు అమెరికాలో నివసించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునఁ జదివి, ఇంటనుఁ గూడ నాంగ్లమునే వాడుచుండెను. తనవారి మేనిచాయ తెలుపే కదా యని యాతఁడు వాదించెను. 1922 నవంబరు 13వ తేదీన న్యాయస్థానము, శ్వేతశబ్దము మేనిచాయను గాక జాతిని దెలుపుననియు, అది కాకేసియను జాతివారికే చెల్లుననియుఁ దీర్పు చెప్పెను. ఇట శాస్త్రార్థము గ్రహింపఁబడెను.

మూఁడు మాసములైనను దాఁటినవో లేదో, పంజాబునుండి వచ్చిన భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యెము విచారణకు వచ్చెను. ఆతఁడు సిక్కు, అయినను నాఁటి అమెరికా వాడుకలో భారతీయులందఱును ‘హిందువులే’. యుద్ధకాలమున నాతఁడు అమెరికా సైన్యమునఁ బనిచేసెను. నాఁటి జాతిశాస్త్రజ్ఞుల విభాగము ననుసరించి తానును గాకేసియను జాతివాఁడనే యని యాతని వాదము. 1923 ఫిబ్రవరి 19వ తేదీన న్యాయస్థానము శాస్త్రవిభాగమును ద్రోసివైచి, సామాన్యజనులు శ్వేతుఁడని యెవనిని దలఁతురో వాఁడే శ్వేతుఁడని నిర్ణయించెను. ఇట రూఢ్యర్థము గ్రహింపఁబడెను. రెండు తీర్పులను వ్రాసినది సదర్లాండు అను నొక్క న్యాయమూర్తియే. మార్గములు రెండు, ఫలము మాత్ర మొక్కటే.

థిండ్ పక్షమున దోషము లేదనరాదు. అగ్రవర్ణుల వివాహనియమములే రక్తశుద్ధికి సాక్ష్యమనియు, అమెరికనులు నల్లవారిని జూచునట్లే తమవారును దేశమందలి మూలవాసులను జూతురనియు నాతని పక్షమున వాదింపఁబడెను. తన్ను బహిష్కరించు ద్వారమును దెఱవఁబోయి, యాతఁడు మఱియొకరిని బహిష్కరించు తాళపుఁజెవినే చేతఁబట్టెను.

ఆ దినముననే ఆ న్యాయస్థానము ఎలేన్ వ్యాజ్యెమునుఁ దీర్మానించెను. గుంపుయొక్క భయముచే నడచిన విచారణ న్యాయవిచారణ గాదని న్యాయమూర్తి హోమ్స్ వ్రాసెను. పరుల సభలో గుంపు భీతిని గుర్తించిన న్యాయస్థానము, తాను ప్రమాణముగాఁ గొన్న లోకరూఢిలో నదే భీతి యున్నదని గుర్తింపకపోయెను.

ఈ యర్థనిర్ణయ ఫలము స్వల్పము గాదు. అంతకుముందు పౌరులైన భారతీయులలోఁ బెక్కుమంది పౌరత్వము రద్దయ్యెను. పౌరత్వార్హత లేనివారు కాలిఫోర్నియాలో భూమిని సొంతము చేసికొనఁజాలకపోయిరి. 1924 నాఁటి చట్టము అట్టివారి వలసనే నిషేధించెను. మఱియు 1890 నాఁటి జనగణనను ప్రమాణముగాఁ గొని, ఒక్కొక్క దేశమునకు అందలి సంఖ్యలో నూటికి 2 వంతున మితి నేర్పఱచెను. ఆ యేఁటి పిమ్మట విరివిగా వచ్చిన ఇటాలియనులు, యూదులు మొదలగువారిని దగ్గించుటయే దాని యుద్దేశము.

థిండ్ 1936లో సైనికసేవనుబట్టి పౌరత్వమును బొందెను. 1946లో భారతీయులకుఁ బౌరత్వార్హతయు, ఏఁటికి 100 మందికి ప్రవేశమును లభించెను. 1952లోఁ బౌరత్వమునకు జాతినియమము తొలఁగెను. ఈ ముప్పదియేండ్లలో నెవని మేనిచాయయు మాఱలేదు, శబ్దమునకుఁ జెప్పిన యర్థమే మాఱినది. కావున ‘ఆర్య’ ‘శ్వేత’ ‘జాతి’ శబ్దములను బాలురకు బోధించునపుడు, వాని వ్యుత్పత్తితోఁబాటు ఎవరు, ఎప్పుడు, ఎవరికి వెఱచి యాయర్థమును జెప్పిరో యదియుఁ దెలుపుట యుపాధ్యాయుల విధి.