పాతాళగరుడి పరీక్ష

సర్పగంధ యని వైద్యగ్రంథములును, పాతాళగరుడి యని మన పల్లెలును వ్యవహరించు ఓషధి చూపునకు మిక్కిలి సామాన్యమైన చిన్నమొక్క. ఎఱ్ఱని కాడలపై తెల్లని పూలగుత్తులను, పిదప పండి నల్లబడు చిన్నకాయలను ధరించి, అడవిచెట్ల నీడను తేమనేలలలో పెరుగును. గుణమంతయు వేరులో నున్నది. ఎండిన వేరునకు చెప్పదగిన వాసన లేదు గాని, దాని పొడి చిటికెడు నాలుకపై వేసికొన్నచో చేదు ఒకంతట వదలదు.

బీహారు, వంగదేశముల పల్లెవైద్యులు ఈ వేరును పాముకాటునకు, జ్వరమునకు, విశేషించి మతి చలించినవారికి తరతరములుగా ఇచ్చుచుండిరి. బీహారులో దీనికి ‘పాగల్ కీ దవా’ యనియే వాడుక. ఆ నాటువాడుకలోని నిజమును నిగ్గుదేల్చు యత్నము 1931 ప్రాంతమున రెండు చోట్ల, రెండు త్రోవలలో సాగినది. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహమున తిబ్బియా కళాశాలలో పరిశోధనకు పూనుకొనిన సలీముజ్జమాన్ సిద్దీఖీ, రఫత్ హుసేన్ సిద్దీఖీలు వేరునుండి ఆల్కలాయిడ్లను స్ఫటికరూపమున వేఱుచేసి, అప్పటికి దివంగతుడైన ఆ హకీముగారి స్మృత్యర్థము ఒకదానికి అజ్మలీన్ అని పేరిడిరి. కలకత్తాలో గణనాథసేన్, కార్తీకచంద్రబోస్ అను వైద్యులన్ననో వేరుపొడినే రోగులకిచ్చి చూచి, అది ఉన్మాదమును శమింపజేయుటయే గాక రక్తపుపోటును గూడ తగ్గించుచున్నదని ప్రకటించిరి.

ఇచ్చట ఒక చిక్కు పుట్టినది. ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించునది ఆ చిక్కే. పచ్చిపొడి తిన్నవానికి మగతయు శాంతియు కలుగుచుండగా, అంత శ్రమించి శుద్ధిచేసిన స్ఫటికములు ఆ గుణమును చూపకపోయెను. శుద్ధపదార్థము పనిచేయనప్పుడు నాటువైద్యుని మాటయే భ్రమ యని త్రోసిపుచ్చుట ఎంత సులభము! అయితే 1940 తరువాతి దశకమున కలకత్తా పరిశోధకులు, ఆల్కలాయిడ్లను తీసివేయగా మిగిలిన జిగురువంటి భాగమును గూడ విడువక పరీక్షించి, నిద్రపుచ్చు శక్తి అందే కలదని కనుగొనిరి. నిరర్థకమని పారవేయదగిన మడ్డిలోనే మందు దాగియుండెను.

బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపుపోటు రోగులకు ఈ వేరుమందునిచ్చి, ఫలితములను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వెలువరించుటతో పాశ్చాత్యుల దృష్టి ఇటు మరలెను. స్విట్జర్లండులోని బాసెల్ నగరమున సీబా సంస్థ రసాయనశాస్త్రజ్ఞులు 1952లో ఆ జిగురుభాగమునుండియే రిసర్పిన్‌ను వేఱుచేసిరి; 1954లో అమెరికాలో నాథన్ క్లైన్ దానిని మానసికరోగులకిచ్చి సత్ఫలితములను ప్రకటించెను. పిమ్మట ఎక్కువ మోతాదులలో అది కొందఱిని తీవ్రమైన మనోవ్యాకులతకు గురిచేయుననియు తేలినందునను, క్రొత్తమందులు వచ్చినందునను వాడుక క్రమముగా సన్నగిల్లెను.

వేరుకై త్రవ్విన మొక్క మరల మిగులదు గదా! విచ్చలవిడి సేకరణచే అడవులలో అరుదైపోయిన ఈ జాతి, 1990లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణకు లోబడిన జాతుల పట్టికకెక్కినది.

రిసర్పిన్‌ను వేఱుచేసిన కీర్తి బాసెల్ వారిదే, సందేహము లేదు. కాని ఆ వేరు ఏ రోగమునకు పనికివచ్చునో ముందుగా ఎఱిగినవారు పేరులేని పల్లెవైద్యులు; దానిని రోగుల యెడ పరీక్షించి నిరూపించినవారు సేన్, బోస్, వకీల్. ఈ చరిత్రను ఆ వరుసలోనే వ్రాయవలెను.