బ్యాంకులో పాలూ కూరగాయలూ

స్క్రీన్ మీద ఈ ఫొటో ఒకసారి చూడండి. పైన రంగుటద్దాల గోపురం, కింద టేబుళ్ల దగ్గర కూర్చుని తింటున్న జనం. ఇది చర్చి కాదు, మ్యూజియం కాదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక సూపర్‌మార్కెట్! కట్టింది మాత్రం బ్యాంకు కోసం.

క్లీవ్‌లాండ్ ట్రస్ట్ అనే బ్యాంకు 1908లో దీన్ని తెరిచింది. డిజైన్ జార్జ్ బి. పోస్ట్‌ది, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం కూడా ఆయనదే. ఇక్కడ రెండు వీధులు మూలమట్టంగా కలవవు. ఆ వంకర స్థలంలో మధ్యన గుండ్రటి హాలు పెట్టేసి చిక్కు తీర్చేశాడాయన. గోపురం వెడల్పు 61 అడుగులు, ఎత్తు 85. చుట్టూ గోడల మీద ఫ్రాన్సిస్ మిల్లెట్ వేసిన 13 చిత్రాలు. పాపం, ఆయన 1912లో టైటానిక్‌తో పాటే పోయాడు.

డబ్బు దాచే చోటికి ఇంత హంగు దేనికి? అప్పట్లో బ్యాంకు మునిగితే మీ డబ్బూ మునిగినట్టే. డిపాజిట్లకు అక్కడి కేంద్ర ప్రభుత్వ బీమా 1933 చట్టంతో గానీ రాలేదు. పైగా ఈ భవనం తెరవడానికి ముందు ఏడాదే, 1907లో, న్యూయార్క్‌లో నికర్‌బాకర్ ట్రస్ట్ ముందు జనం తమ డబ్బు కోసం ఎగబడ్డారు, అది మూతపడింది. అలాంటి రోజుల్లో, చెమటోడ్చిన జీతం పట్టుకొచ్చినవాడికి "మేం ఎక్కడికీ పారిపోం" అని ఈ రాతి స్తంభాలే చెప్పాలి.

తర్వాత బ్యాంకు విలీనాల్లో కలిసిపోయింది, 1996లో తలుపులు మూశారు. కౌంటీ ప్రభుత్వం ఆఫీసుల కోసం కొన్నది, పెట్టలేదు. దాదాపు 20 ఏళ్లు ఖాళీ. 2015లో హైనెన్స్ అనే కిరాణా సంస్థ వచ్చింది.

నిజం చెప్పాలంటే, మొదట విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఆ గోపురం కింద ఉల్లిపాయలా అని! కానీ వాళ్లు తెలివిగా చేశారు. సరుకుల అరలు చాలావరకు పక్క భవనంలో పెట్టి, హాలు మధ్యను టేబుళ్లకు వదిలేశారు. బాల్కనీలో వైన్. నేలమాళిగలో ఇనుప తలుపుల ఖజానా గదులను బార్‌గా మార్చారు. ఒకప్పుడు ఖాతా ఉన్నవాళ్లకే పనుండే చోటు, ఇప్పుడు పాల కోసం వచ్చినవాళ్లు కూడా తలెత్తి చూడొచ్చు. గాజు పెట్టెలో పెట్టిన మ్యూజియం కంటే నాకు ఇదే నచ్చింది.

అన్నట్టు, ఏటా త్యాగరాజ ఉత్సవాలు జరిగే క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ కూడా ఇదే యూక్లిడ్ అవెన్యూలో ఉంది. ఈసారి కీర్తనలు వినడానికి వెళ్లేవాళ్లు అటు కూడా వెళ్లి, గోపురం ఫొటో ఒకటి తీసి పంపండి.